నాగరాజ్ నొక్కే స్విచ్

జహీరాబాద్‌లో ఎవరింటికైనా వెళ్లి, గడప దాటగానే చీకట్లో చెయ్యి చాపితే స్విచ్ సరిగ్గా వేలికి తగిలిందా, ఆ ఇంటి వైరింగ్ నాగరాజ్ చేసినట్టే లెక్క. మిగతా ఎలక్ట్రీషియన్లు గోడ ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ బోర్డు కొట్టి పోతారు. నాగరాజ్ అలా కాదు. ముందు ఆ ఇంట్లో ముసలివాళ్లను పిలిచి, "అవ్వా, జర చెయ్యెత్తు" అనేవాడు. ఆ చెయ్యి ఎంతవరకు లేస్తే అక్కడ పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఝరాసంగంలో, రాయికోడ్‌లో కూడా అలాంటి గీతలు చాలా గీశాడు. తన ఇంట్లో బోర్డు మాత్రం తలుపు వెనకాల, తన ఎత్తుకు తగ్గట్టు పైన కొట్టుకున్నాడు. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

నా పేరు మదన్‌మోహన్. టీవీ మెకానిక్‌ని. నా నోరు మంచిది కాదని బజార్లో పేరుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఇప్పుడంటే టీవీలు బాగుచేస్తున్నాను గానీ, తొంభై ఏడు నుంచి పన్నెండేళ్లపాటు బస్టాండు వెనక సందులో వీడియో గేముల దుకాణం నడిపాను. ఊళ్లో తల్లులంతా నన్ను శాపనార్థాలు పెట్టేవారు, పిల్లలంతా "సేట్" అని పిలిచేవారు. దుకాణం పోయింది, శాపాలూ పోయాయి. ఆ పిలుపు మాత్రం నాగరాజ్ నోట్లో మిగిలింది.

వాడికి అప్పుడు పన్నెండేళ్లు. ఎనిమిది కోటల గేమ్ అని ఒక క్యాసెట్ ఉండేది. లాంతరు పట్టుకున్న ఒక పిల్లవాడు ఎనిమిది కోటలు దాటి, చివరికి ఒక పెద్ద తలుపు తెరవాలి. ఆ తలుపు వెనక ఏముందో నా దుకాణంలో ఎవరూ చూడలేదు. ఆ రోజుల్లో ఆడినంతవరకు దాచుకునే వీలు లేదు. కరెంటు పోయిందంటే మళ్లీ మొదటి కోటే. మా ఊళ్లో కరెంటు పోకుండా రెండు గంటలు ఉండడమంటే అది పండగ రోజే.

ఒకరోజు దుకాణం మూసే వేళకు నాగరాజ్ ఆ తలుపు దగ్గరికి వచ్చాడు. "సేట్, ఒక్క నిమిషం! తలుపు కాడికొచ్చిన!" అన్నాడు. ఆ రోజు ఎవరి మీదో కోపం, ఎవరి మీదో ఇప్పుడు గుర్తు కూడా లేదు. "నీ తలుపు రేపు తెరువు. నా తలుపు ఇప్పుడు మూసేదుంది" అని మెయిన్ దించేశాను. వాడు ఏడవలేదు. నల్లబడ్డ టీవీ వంక కాసేపు చూసి, "మల్ల మొదటి నుంచి ఆడాలె" అని లేచిపోయాడు. మళ్లీ ఎన్నడూ ఆ తలుపు దాకా రాలేదు. కొన్నాళ్లకు వాళ్ల నాన్న పోయాడు, వాడు బడి మానేసి వైరింగ్ పనిలో చేరాడు.

ముప్పై నాలుగో ఏట, తల్లి గిరిజమ్మ బీదర్ వైపు సంబంధాలు చూస్తున్న రోజుల్లో, నాగరాజ్ చేతిలోంచి టెస్టర్ జారిపడింది. ఎవరికైనా జారుతుంది కదా అనుకున్నాం. తర్వాత పటకారు జారింది. తర్వాత నిచ్చెన మీద కాలు నిలవలేదు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ చేసి, ఒంట్లో కండలు ఒక్కొక్కటే సన్నబడిపోయే జబ్బని చెప్పారు. గిరిజమ్మ "ఎన్ని దినాలకు తక్కువైతది సార్?" అని అడిగింది. డాక్టర్ మంచివాడే, అబద్ధం చెప్పలేక కాగితాల వంక చూశాడు. అక్కడే ఉన్న నాకు ఆ కాగితాలు చింపెయ్యాలనిపించింది. చింపి ఏం చేస్తాను?

పోయిన ఏడాది దసరా నాటికి వాడు మంచం పట్టాడు. వాళ్లు లింగాయతులు. వాళ్లింట్లో ఆయుధ పూజ అంటే ఆషామాషీ కాదు. పనిముట్లన్నీ తుడిచి, మూడు వేళ్లతో విభూతి పెట్టి, కుంకుమ బొట్టు, బంతిపూలు, కోసిన నిమ్మకాయలు పెడతారు. ఆ రోజు ఏ పనిముట్టూ పని చేయకూడదు. దానికి అది సెలవు. గిరిజమ్మ ఎప్పటిలాగే కొడుకు టెస్టరు, పటకారు, డ్రిల్లు బయటికి తీసింది. నాగరాజ్ గొంతు చించుకుని అరిచాడు. "ఎవరి చేతికని పూజ చేస్తున్నవ్ అవ్వా? తీసి లోపలెయ్!" ఆమె అన్నీ మళ్లీ సంచిలో వేసేసింది. ఆ ఏడు పూజ జరగలేదు. ఆ తర్వాత చలికాలంలో వాడి ఎడమ చెయ్యి పూర్తిగా చచ్చుబడింది. పూజ ఆపినందుకే అలా అయిందని ఆమె మనసులో నాటుకుపోయింది. నాతో మాత్రం ఒకసారి అన్నది: "తమ్మీ, వాడు వద్దన్నడని ఇన్న. ఇనకుంటె బాగుండు."

ఫిబ్రవరిలో నేను ఆ డబ్బా తయారు చేశాను. అటక మీద పాత గేమ్ సెట్ల ఖాళీ పెట్టెలు రెండు ఉన్నాయి. ఒకదానిని కడిగి, అందులో అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్ బోర్డు బిగించాను. ఇప్పుడు పాత ఆటలన్నీ గోరంత మెమరీ కార్డులో పట్టేస్తాయి. ఆడినంతవరకు దాచుకోవచ్చు కూడా. ఎనిమిది కోటల గేమ్ వెతికి అందులో వేశాను. ఎందుకు చేశానంటే మంచితనం అని చెప్పుకోవచ్చు, కానీ కాదు. ఇరవై అయిదేళ్ల కింద దించిన ఆ మెయిన్ నన్ను వదల్లేదు.

ఒక చిక్కు ఉంది. ఈ చిన్న కంప్యూటర్‌ను టీవీలాగా ఠక్కున ఆపకూడదు. కార్డు మీద అది ఏదో రాసుకుంటున్నప్పుడు కరెంటు తీసేస్తే కార్డు మొత్తం పాడవుతుంది. ఆపుతున్నానని ముందు దానికి చెప్పాలి. అది తన పని సర్దుకుని, దీపం ఆర్పుకుంటుంది. అప్పుడు బోర్డు మీద స్విచ్ తీయాలి. మొత్తం ఇరవై సెకండ్లు. నేను మామూలు స్విచ్ పెట్టబోతుంటే మంచం మీంచి నాగరాజ్ ఆపాడు.

"సేట్, గా స్విచ్ వద్దు. కాలింగ్ బెల్ స్విచ్ పెట్టు. మామూలు స్విచ్ గొంతు పిసుకుతది. బెల్ స్విచ్ గట్ల కాదు, తలుపు కొట్టి చెప్తది, గంతే."

వాడు చెప్పినట్టే తెల్లటి పెద్ద బెల్ స్విచ్ పెట్టాను. వైర్లు ఎలా తిప్పాలో, ఎక్కడ సీసం కరిగించి టాకా వెయ్యాలో అన్నీ వాడే పడుకుని చెప్పాడు. పదిహేనేళ్ల మెకానిక్‌ని, పద్దాకా "అట్ల కాదు సేట్" అనిపించుకున్నాను. అది వాడు చేసిన ఆఖరి వైరింగ్. అయ్యాక, మణికట్టు వెనక భాగంతో స్విచ్ నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ నొక్కాడు. దీపం కాసేపు మిణుకుమిణుకుమని ఆరింది. నాలుగైదు సార్లు అలా నొక్కుతూనే ఉన్నాడు. ఆట సంగతి మరిచిపోయాడు.

"ఈ ఇంట్ల ఫ్యాన్ అవ్వ ఏస్తది, లైట్ అవ్వ ఏస్తది, నన్ను ఈ పక్క నుంచి ఆ పక్కకు అవ్వనే తిప్పుతది" అన్నాడు. "గిదొక్కటి నాది."

నేను బయటికొచ్చి బండి స్టార్ట్ చేయడానికి చాలాసేపు పట్టింది.

ఇరవై సెకండ్లు ఆగడం మా ఊరి రక్తంలో లేదు. రైలు గేటు పడితే చూడండి, గేటు కింది నుంచి దూరే బళ్లే తప్ప ఆగే బండి ఉండదు. గిరిజమ్మ కూడా అంతే. వాడు స్విచ్ నొక్కగానే బోర్డు దగ్గర టప్పున తీసేసేది. ఉరిమితే మెయినే దించేది. "అక్కా, దీపం ఆరేదాక ఆగు" అని మొత్తుకుంటే, "ఊకె కరెంటు తింటది గదా తమ్మీ" అనేది. చెప్పీ చెప్పీ లాభం లేదని, డబ్బాలో ఒక చిన్న బ్యాటరీ పెట్టాను. ఎవరు కరెంటు తీసినా అది ఒక నిమిషం మోసి, కంప్యూటర్‌ను పద్ధతిగా పడుకోబెడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు కరెంటు పోయినా ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి, ఏమీ కాదని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకం నేను పెట్టిందే.

నాగరాజ్ ఆడడం మొదలుపెట్టినప్పుడు కుడి చేతి అయిదు వేళ్లూ ఆడేవి. నాలుగో కోట దాటేసరికి మూడు మిగిలాయి. శ్రావణంలో బొటనవేలు ఒక్కటే. బటన్లకు పొడుగ్గా అట్ట ముక్కలు అంటించాను, స్ప్రింగులు మార్చాను. మొదటి కోటలో లాంతరు పిల్లవాడు ఎగిరి దూకినట్టు ఇప్పుడు దూకించలేనని వాడికి తెలుసు. ముందుకే పోవాలి. వెనక్కి పోతే మళ్లీ రాలేడు. "దీపం ఉన్నప్పుడే ఇల్లు చక్కబెట్టుకోవాలె సేట్" అని నవ్వేవాడు. గొంతు కూడా తగ్గిపోయింది. పక్కన కూర్చుంటే తప్ప వినపడేది కాదు. ఆ తలుపు తెరవడం తప్ప వాడు ఇంకేమీ కోరడం నేను వినలేదు. దేవుడి దగ్గరా డాక్టర్ దగ్గరా అడగడం మానేసి, ఈ ఒక్కటి పట్టుకున్నాడు. వేలు ముందా, తలుపు ముందా అన్నట్టుండేది.

ఈ ఏడు దసరాకు మూడు రోజుల ముందు చూస్తే డబ్బాలో బ్యాటరీ ఉబ్బింది. అలాగే వదిలేస్తే నిప్పు అంటుకుంటుంది. తీసేశాను. కొత్తది రావడానికి రెండు రోజులు. "అంతదాక జర పైలం. బోర్డు ఎవరూ ముట్టద్దు" అని వాడికి చెప్పాను, ఆమెకూ చెప్పాను. కార్డుకు నకలు తీసి పెట్టుకోవాలని కూడా ఆ రోజే అనుకున్నాను. దుకాణం నిండా పండగ టీవీలు. రేపు తీద్దాంలే అనుకున్నాను. కొత్త బ్యాటరీ వచ్చింది, జేబులో వేసుకున్నాను కూడా.

ఆయుధ పూజ రోజు పొద్దున ఫోన్ వచ్చింది. గిరిజమ్మ చెవి దగ్గర పట్టుకుంటే నాగరాజ్ మాట్లాడాడు. "సేట్, ఎనిమిదో కోట అయిపోయింది. తలుపు కాడున్న. కొట్లాటలు లేవిగ, కుడి దిక్కు నడిపిస్తె చాలు. నువ్వొస్తె తెరుస్త."

"తెరువ్ రా, నా కోసం ఎందుకు?"

"నువ్వు లేకుంటె ఎట్ల సేట్? నువ్వే గదా ఆనాడు బంద్ చేసింది."

నవ్వుతున్నాడు. "దుకాణంల పూజ ఉంది, కొబ్బరికాయ కొట్టి పదకొండుకల్లా వస్త" అన్నాను. నా పాత మల్టీమీటరుకు, టాకా కడ్డీకి బొట్లు పెట్టి పూజ చేసుకున్నాను. ఆ గంటన్నర ఎందుకు ఆగానని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనే అడుగుతూ ఉంటాను.

వెళ్లేసరికి ఇల్లంతా ఊదుబత్తి వాసన. దేవుడి ముందు పీట మీద, పసుపు బట్ట పరిచి, దాని మీద నాగరాజ్ టెస్టరు, పటకారు, డ్రిల్లు వరసగా ఉన్నాయి. వాటి నడుమ ఆ డబ్బా. మూడు విభూతి గీతలు, నడుమ కుంకుమ, బెల్ స్విచ్ మీద ఒక బంతిపువ్వు. వైర్లు మడిచి దారంతో కట్టి ఉన్నాయి.

గిరిజమ్మ ముఖం వెలిగిపోతోంది. "పోయినేడు వాడి మాట ఇని తప్పు చేసిన తమ్మీ. ఈయేడు ఇనలే. ఆగు ఆగు అని వాడు అంటనే ఉన్నడు, నేను ముందుగాల బోర్డు బంద్ చేసిన. వాడికి ఇప్పుడున్న పనిముట్టు గదొక్కటే గదా. దానికి పూజ లేకుంటె ఎట్ల? ఒక్క దినం అది గుడ సెలవు తీసుకోవాలె."

ఆమె ప్రసాదం తేవడానికి లోపలికి వెళ్లింది. నేను మంచం దగ్గర కూర్చున్నాను. నాగరాజ్ పైకప్పు వంక చూస్తున్నాడు.

"నువ్వొచ్చేలోపల ఏమన్న అయితదని సేవ్ పెడుతున్న సేట్" అన్నాడు. "అది రాసుకుంటుంటె..."

పీట మీంచి డబ్బా తెచ్చి తగిలించాను. వాడే మణికట్టుతో నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. టీవీ మీద నల్లటి తెర, దాని మీద నాలుగు వరసల తెల్ల అక్షరాలు, కార్డు చదవలేకపోతున్నానని. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. నా జేబులో కొత్త బ్యాటరీ ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో యాభై ఎనిమిదేళ్లకు తెలిసింది.

లోపలినుంచి గిన్నెల చప్పుడు దగ్గరికి రాగానే నాగరాజ్ గబగబా అన్నాడు, "టీవీ బంద్ చెయ్ సేట్. అవ్వకు చెప్పకు."

"చెప్పకుంటె ఎట్ల రా?"

"చెప్తె ఏం చేస్తది? ఇంకో పాపం నెత్తినేసుకుంటది. పోయినేడు పూజ ఆపి ఒకటి, ఈయేడు పూజ చేసి ఒకటి. వద్దు."

టీవీ ఆపాను. ఆమె పెట్టిన ప్రసాదం తిన్నాను. బాగుందక్కా అన్నాను.

ఆ తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. నా దుకాణంలో మూడు రోజులు ఆ కార్డుతో కుస్తీ పట్టాను. హైదరాబాద్‌లో చంద్రశేఖర్ అని, పోయిన ఫొటోలు తిరిగి తీసిచ్చే అతని దగ్గరికి పట్టుకుపోయాను. అతను రెండు రోజులు చూసి, ఆటలు కొన్ని దొరికాయి గానీ దాచుకున్నవేవీ లేవన్నాడు. కొత్త కార్డు వేసి తెచ్చాను. నాగరాజ్ మొదటి కోట మొదలుపెట్టాడు. మొదటి గుంట దగ్గరే లాంతరు పిల్లవాడు పడిపోయాడు. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు. బొటనవేలు బటన్ మీదే ఉంది, నొక్కే వేగం లేదు. పదకొండు సార్లు పడ్డాక వాడు కళ్లు మూసుకున్నాడు.

"నేనాడి తెస్త, ఎనిమిది కోటలు దాటి నీకు ఇస్త" అన్నాను. పన్నెండేళ్లు గేముల దుకాణం నడిపిన సేట్‌ను, ఒక్క ఆటా నేర్చుకోలేదు. వారం రోజులు ఆడితే రెండో కోట దాటలేకపోయాను. వేరేవాళ్లు ఆడి దాచిపెట్టినవి నెట్‌లో దొరుకుతాయి, తెచ్చి వేస్తానన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"వేరేటోళ్లు నడిచిన తొవ్వ సేట్ అది. గా తలుపు నేను తెరిచినట్టు ఎట్లయితది?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. దేవుడి మీద కోపపడదామంటే ఆయన పేరు మీదే కదా ఈ పని జరిగింది. గిరిజమ్మ మీద కోపపడడానికి నాకు నోరెక్కడిది? ఆ పిల్లవాడి చేతిలో ఆట ఉండగా మెయిన్ దించిన మొదటి చెయ్యి నాది.

కొన్నాళ్లకు నాగరాజ్ అన్నాడు: "సేట్, లోపలిది తీసెయ్. నీకు పనికొస్తది. స్విచ్ ఒక్కటి ఉంచు. నొక్కితే దీపం వెలగాలె, మల్ల నొక్కితే మిణుకుమిణుకుమని ఆరాలె. అదే ఇరవై సెకండ్లు."

నేను అలాగే చేశాను. కంప్యూటర్ బోర్డు తీసి, దీపానికి ఒక చిన్న టైమర్ పెట్టాను. ఆ డబ్బాలో ఇప్పుడు ఒక స్విచ్చు, ఒక దీపం, ఆ టైమరు, రెండు వైర్లు తప్ప ఏమీ లేదు. ఆట మీద మనసు పోయిందని, ఊరికే దీపం చూసుకుంటానని తల్లికి చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మడమేంటి, సంబరపడింది. మొన్న నన్ను గుమ్మంలో ఆపి, "పూజ చేసినప్పటి నుంచి పిల్లగాడు శాంతమైండు తమ్మీ. పొద్దాక టీవీ చూసుడు బంద్ అయింది, నాతోటి మాట్లాడుతుండు" అన్నది. అవునక్కా అన్నాను.

అన్నింటికంటే నన్ను చంపేది సాయంత్రం జరిగేది. దీపాల వేళకు నాగరాజ్ మణికట్టు ఎత్తి స్విచ్ మీద పడేస్తాడు. దీపం మిణుకుమంటుంది. గిరిజమ్మ తలుపు వెనక, ఆ ఎత్తైన బోర్డు కింద, మునివేళ్ల మీద నిలబడి ఆగుతుంది. పూజ చేసిన వస్తువు కదా, మధ్యలో ఆపకూడదని ఇప్పుడామెకు భక్తి. పెదవులతో లెక్కపెట్టుకుంటూ, చెయ్యి పైకి చాపి, కదలకుండా ఇరవై సెకండ్లూ ఆగుతుంది. దీపం ఆరాక, "ఇగ బంద్ చెయ్యాల్నా నాయనా?" అని అడుగుతుంది. వాడు ఊఁ అన్నాకే తీస్తుంది.

నిన్న వెళ్తే వాడు రెండుసార్లు నొక్కినా దీపం వెలగలేదు. మూడోసారి వెలిగింది. డబ్బా విప్పి, స్విచ్‌లో స్ప్రింగ్ తీసి ఇంకా మెత్తనిది వేశాను. దీపావళి నుంచి ఇది నాలుగోది. ఇంతకంటే మెత్తనిది బజార్లో దొరకదు.